మైకు ముందట నా దమ్ము పంపు

కర్దనూర్ మీటింగ్‌ల మల్లయ్య మైకు ముందట గజగజ వణికిండట, ఆఫీసర్‌ను చూసి మాట పడిపోయిందట! ఈ ముచ్చట పటాన్‌చెరు దాకా పాకింది. పొద్దున నేను హోటల్లకు రాంగనే అందరూ చాయ్ గ్లాసులల్ల మొహాలు పెట్టిండ్రు. గ్లాసుల ఏముందని అంత పరీక్షగ చూస్తున్నరు? నాకు తెల్వదా?

కూసోండి. నాకూ ఒక చాయ్ చెప్పండి, చక్కెర తక్కువ. నేను వణికిన మాట నిజమే. కాయితాలు పట్టుకున్న చెయ్యి వణికింది, పట్టుకోని చెయ్యీ వణికింది. మోకాళ్ళు కూడ తోడుగ వణికినయి. కానీ భయంతోని కాదు. గేటు ముందట లాఠీ దెబ్బలు తిన్నప్పుడు వణకలేదు, సస్పెండ్ కాయితం చేతిల పెట్టినప్పుడు వణకలేదు. ఇస్త్రీ అంగీ ఏసుకున్న ఆఫీసర్‌ను చూసి ఈ వయసుల వణుకుతనా? నన్ను వణికించింది నా జేబుల డబ్బా. పిడికిట్ల పట్టేటంత డబ్బా. నేనే కొన్న, నేనే పట్టుకపోయిన, నేనే వణికిన. ఇగ వినండి. మధ్యల నవ్వొద్దు. నవ్వేతందుకు ఆఖర్ల జాగ ఉంచిన.

మా అమ్మా నాయినా ఇంకొకరి పొలంల కూలికి పోయి నన్ను సాదిండ్రు. ఆ పొలాలు అమ్ముడుపోయి కంపెనీ వస్తే, దాని గోడకు ఇటుకలు మోసిన. గోడ లేసినంక గోడ లోపలికి హెల్పర్‌గ పోయిన. ఆపరేటర్‌నయిన, యూనియన్ల నిలబడ్డ, ఆఖరుకు రిటైర్ అయిన. కంపెనీ పేరు ఎందుకులే, మందుల పౌడర్ చేస్తది. ఆ మందు ఏ రోగానికో మాకెవ్వరూ చెప్పలేదు. రోగం మాత్రం ముఫ్త్‌గ ఇచ్చిండ్రు. రిటైర్ అయిన నాడు ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిల పెట్టిండ్రు. మంచి గడియారం. నాకు దగ్గు ఏ టైముకు మొదలైతదో చూసుకోనీకి మస్తు పనికొస్తున్నది.

ఆ కంపెనీల కొత్తగ చేరినోళ్ళకు మొదటి పాఠం చెప్పేది నేనే. ఒకడు మన ఊరోడు, ఒకడు బీహారోడు, ఒకడు ఒడిశా నుంచి వచ్చినోడు. ఏ భాషల చెప్పాలె? నేను నోటితోని "తుస్స్" అనేది. ఆ మాట అన్ని భాషలల్ల ఒక్కటే. పైపు ఎక్కడ తుస్స్‌మన్నా సరే, ఏం గ్యాసు, ఎంత గ్యాసు అని ఆలోచన చెయ్యొద్దు. నోరు ముయ్యి. ఊపిరి ఆపు. మొహం తిప్పు. స్తంభం మీద గాలిసంచి ఎటు ఎగురుతున్నదో చూడు, గాలికి ఎదురు నడువు. ఇంతే పాఠం. "ముక్కుకు తెలిసే దాక ఆగితే ముక్కుతోపాటు మనిషీ పోతడు, చెవికి తెలువంగనే కదులు" అని మొత్తుకునేది. మెదడుకు చెప్పినట్టు కాదు, ఒంటికి నేర్పినట్టు నేర్పిన. ఎంత మందికి నేర్పిన్నో లెక్క లేదు. అందరికంటె బాగ నేర్చుకున్నోన్ని నేనే.

మా ఆడామె సత్తెమ్మకు ఇది పెద్ద పరేషాన్. వంటింట్ల కుక్కర్ తుస్స్‌మంటే నేను ఊపిరి బిగబట్టి మొహం తిప్పుత. పటాన్‌చెరు స్టాండ్ల బస్సు బ్రేకు తుస్స్‌మంటే నోరు మూసుకొని గాలికి ఎదురు నాలుగడుగులు ఏస్త. ఒకసారి అట్ల ఏసిన అడుగులతోని ఎక్కాల్సిన బస్సే పోయింది.

"ఏమయ్యా, బస్సుల గ్యాసు గిట్ల ఉంటదా? పది మంది నవ్వుతున్నరు" అన్నది.

"నవ్వనియ్యి. నవ్వినోళ్ళు నోరు తెరుస్తరు. నోరు తెరిచినోళ్ళే ముందు పోతరు" అన్న.

ఎంత తెలివిగలోన్నో చూసిండ్రు కదా. ఇగ ఆ తెలివి నన్నేం చేసిందో వినండి.

పోయిన చలికాలం నుంచి దమ్ము ఎక్కువైంది. పొద్దున లేస్తే ముక్కు దిబ్బడ, రాత్రి పడుకుంటే ఛాతిల పిల్లనగ్రోవి. సంగారెడ్డిల ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి పోయిన. ఆయన ముందట బస్‌స్టాండ్ల కంటె ఎక్కువ మంది ఉన్నరు. నా ఛాతి మీద గొట్టం పెట్టి తీసేలోపల నా చీటీ రాసుడు అయిపోయింది, నా ఎనకాలోనిది మొదలైంది. దమ్ము పంపు, అదే ఇన్‌హేలర్, రాసిండు.

"సార్, దీన్ని ఎట్ల వాడాలె?"

"నోట్ల పెట్టుకొని కొట్టు. నెక్స్ట్!"

అంత వివరంగ చెప్పినంక ఇంకేం అడుగుత? డబ్బాల ఒక కాయితం ఉండె. అక్షరాలు చీమ కాళ్ళ లెక్క ఉన్నయి. పెద్ద పెద్ద రియాక్టర్లు నడిపినోన్ని, ఈ బుడ్డ డబ్బాకు కాయితం చదువుతనా? సత్తెమ్మ దాన్ని పోపుడబ్బా కింద పరిచింది.

ఇంటికొచ్చి పంపు నోట్ల పెట్టుకొని కొట్టిన. తుస్స్‌మన్నది. అంతే. దమ్ము కదలలేదు. ఛాతిల పిల్లనగ్రోవి ఆగలేదు. నాలుక మీద చేదు, మీసాల మీద చల్లదనం. మళ్ళ కొట్టిన, మళ్ళ అంతే. రోజూ అంతే! మందుల షాపుకు పోయి పంచాయితి పెట్టుకున్న.

"ఇందుల మందు లేదు, ఉత్త గాలి నింపి అమ్ముతున్నరు."

షాపాయన పంపు తీసుకొని గాల్లకు ఒక్కటి కొట్టిండు. తెల్లగ పొగ లెక్క వచ్చింది. "వస్తున్నది కదా పెద్దయ్యా!" అన్నడు. అప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకొని ఉన్న. ఎందుకు తిప్పుకున్ననో ఆయనా అడగలేదు, నేనూ ఆలోచన చెయ్యలేదు.

మా పక్కింటి యాదగిరి నాతోటే పనిచేసిండు, నాతోటే రిటైర్ అయిండు. ప్యాకింగ్‌ల పౌడర్ పీల్చి పీల్చి ఆయనకు ముక్కు చెడిపోయింది. తెల్లారక ముందే మొదలు పెట్టి ఊర్ల కోళ్ళు లేసే దాక తుమ్ముతడు. నా పంపు చూసి ఆశపడ్డడు.

"అన్నా, జెర నా ముక్కుల ఒక్కటి కొట్టు."

"ఇది దమ్ముకురా, ముక్కుకు కాదు."

"దమ్ము ముక్కు నుంచే కదా పోయేది? తొవ్వల ఉన్నదానికి కూడ పనిచేస్తది. ఇటియ్యి!"

వాని లెక్క బాగనే ఉన్నదనిపించి ఇచ్చిన. ముక్కుల పెట్టుకొని కొట్టుకున్నడు. ఒక గడియ ఏం కాలేదు. "హాయిగ ఉందన్నా..." అనబోయిండు. ఆ మాట పూర్తి కాలేదు. నా ఉతికిన అంగీ మీద తుమ్మిండు, నా చాయ్ గ్లాసుల తుమ్మిండు, పంపు మీద తుమ్మిండు. సత్తెమ్మ గుమ్మంల నిలబడి అంతా చూసింది.

"వాని ముక్కుల పెట్టింది మళ్ళ నీ నోట్ల పెట్టుకుంటవా? థూ! మీరిద్దరూ కలిసి ఇన్నేండ్లు మందులు చేసిండ్రంటే, తిన్నోళ్ళు బతికినందుకు దేవునికి దండం పెట్టాలె" అన్నది.

గిట్ల ఉండంగ మీటింగ్ వచ్చింది. మా కంపెనీ ఇంకింత పెద్దగ అయితదట. ఇప్పుడొచ్చే వాసన చాలక, ఇంకో ప్లాంటు కడ్తరట. దానికి ముందు ఊరోళ్ళను అడగాలెనని సర్కారు రూలు పెట్టింది. మంచి రూలు. బడి ముందట షామియానా ఏసి, ఆఫీసర్ కూసోని, "మీకేమన్న ఇబ్బందా?" అని అడుగుతడు. ఎవ్వలూ గట్టిగ మాట్లాడకపోతే, ఊరికి ఇష్టమే అని రాసుకొని పోతడు.

ఊరోళ్ళు నా ఇంటికి వచ్చిండ్రు. "మల్లన్నా, మేం వాసనొస్తదని చెప్తే, మీకేం తెలుసు అంటరు. నువ్వు లోపల పని చేసినోనివి. ఏ పైపు ఎట్ల కారుతదో నువ్వు చెప్తే ఎవ్వడూ కాదనలేడు. నువ్వే మాట్లాడాలె" అన్నరు. మాట నిజమే. లోపల పనిచేస్తున్నోళ్ళు నౌకరి పోతదని నోరు తెరవరు. బయటోళ్ళకు లోపలి సంగతి తెల్వది. మిగిలింది నేనొక్కన్నే. ఒప్పుకున్న. మూడు పేజీలు రాసుకున్న, బట్టీ పట్టిన. ఒక్కటే భయం: మధ్యల దమ్ము లేస్తే? నేను ఆయాసపడి కూలబడితే, "పాపం ముసలోడు" అని నీళ్ళు తాగిచ్చి కూసోబెడతరు. మాట అక్కడికే ఖతం, ప్లాంటు మా నెత్తి మీద.

"యాదగిరిని మాట్లాడమనరాదు?" అన్నది సత్తెమ్మ.

"వాడు మాట్లాడడు, తుమ్ముతడు" అన్న.

మీటింగ్ రోజు పొద్దున్నే లేసిన. ఏందో తేడగ ఉన్నది. ఏందా అని చూస్తే వాసన లేదు! ఇన్నేండ్లల్ల మొదటిసారి మా ఊర్ల మట్టి వాసన మట్టి లెక్క వచ్చింది. గాలికి కూడ ఆ రోజు కంపెనీ లీవు ఇచ్చింది. రోడ్డు మీద ట్యాంకరుతోని నీళ్ళు చల్లిండ్రు. బడి గోడకు సున్నం. షామియానా కింద కూల్‌డ్రింకులు, బిస్కెట్లు. ఒక మూలకు ఉచిత వైద్య శిబిరం అని బల్ల ఏసి, మండలం సర్కారు దవాఖాన నుంచి ఒక చిన్న వయసు డాక్టరమ్మను కూసోబెట్టిండ్రు. బీపీ చూసి, ఒక అరటిపండు ఇస్తున్నరు. గాలి ఖరాబు చేసినోళ్ళు అరటిపండు ఇస్తే వద్దనొద్దు. నేనూ తీసుకున్న.

ముందు వరుసలల్ల కంపెనీ బస్సులల్ల దింపిన వర్కర్లు. అందరికీ ఒక్క రంగు టోపీలు. మేనేజర్ మాట్లాడినప్పుడు చప్పట్లు కొట్టాలె, ఊరోళ్ళు మాట్లాడినప్పుడు కిందికి చూడాలె. వాళ్ళ డ్యూటీ అది. వాళ్ళల్ల సగం మందికి పని నేర్పింది నేనే. నన్ను చూసి ఒకడు దండం పెట్టబోయి, మేనేజర్ చూస్తున్నడని ఆ చేతితోని టోపీ సర్దుకున్నడు.

మేనేజర్ లేచిండు. ఆయన కూడ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగ మా ముందటనే తిరిగి పైకి పోయినోడే. "సార్, మా ప్లాంటుల ఇన్ని ఏండ్లల్ల ఒక్క లీకు లేదు. లీకు అంటే ఏందో మా వర్కర్లకు తెలియదు. ఈ గాలి చూడండి, ఊటీ లెక్క లేదా?" అన్నడు. టోపీలు చప్పట్లు కొట్టినయి. ఆఫీసర్ ముక్కుకు పెట్టుకోనీకి చేతి రుమాలు తయారుగ పట్టుకొని వచ్చిండు. పాపం, వాసన రాక దాన్ని మళ్ళ మడిచి జేబుల పెట్టుకున్నడు.

నా కడుపు మండింది. కోపం వస్తే నాకు దమ్ము ముందే తయారైతది. ఇంకొకరు మాట్లాడినంక నా పేరు పిలుస్తమన్నరు. జల్దీగ బడి ఎనక నీళ్ళ ట్యాంకు చాటుకు పోయి పంపు తీసిన. కొట్టిన. తుస్స్. ఏం లేదు. మళ్ళ కొట్టిన. ఏం లేదు. బోరింగ్ దగ్గర మనమేం చేస్తం? నీళ్ళు వచ్చే దాక కొడ్తం. నేనూ అట్లనే కొట్టిన. యాదగిరి కాపలా ఉన్నడు.

"అన్నా, చాలు కావచ్చు."

"ఇంకా రాలేదురా!"

"ఏం రావాలె?"

"దమ్ము పోవాలె!"

దమ్ము పోలేదు. కానీ ఇంకేందో వచ్చింది. గుండె షెడ్డుల కంప్రెసర్ లెక్క మొదలైంది, దడదడదడ. చేతి ఏళ్ళు వాటంతట అవే తబలా వాయిస్తున్నయి. అప్పుడే మైకుల పిలిచిండ్రు: "మల్లయ్య, రిటైర్డ్ ఆపరేటర్!"

పోయిన. మైకు ముందట నిలబడి మూడు పేజీలు తీసిన. నా చేతులల్ల ఆ కాయితాలు కొట్టుకుంటుంటే, ఆ చప్పుడు మైకుల పడి, రేకుల మీద వాన కొట్టినట్టు ఊరంతా వినిపించింది. ఎనక వరుసల ఒకామె ఆకాశం దిక్కు చూసింది.

"అయ్యా..." అన్న. రెండో మాట రాలేదు.

ఆఫీసర్ మెత్తగ నవ్విండు. "పెద్దమనిషీ, భయపడకండి. మేమూ మనుషులమే."

భయమా! నాకు మండింది చూడండి. "నేను భయపడుతున్ననా? నేనా?" అని అరువబోయిన. "నే..." అనంగనే ఊపిరి చిక్కింది. గాలి లోపలికీ పోతలేదు, బయటికీ వస్తలేదు. మోకాళ్ళు రాజీనామా ఇచ్చినయి.

మేనేజర్ ఉరికొచ్చి నా కింద కుర్చీ ఏసిండు. నేను పనిచేసినన్ని ఏండ్లు "ఏయ్ మల్లయ్యా" అని పిలిచిన మనిషి, మైకు ముందట "మల్లయ్య గారూ, కూర్చోండి, నీళ్ళు తాగండి" అన్నడు. ఎంత ప్రేమ! నా భుజం మీద చెయ్యి ఏసి నిలబడ్డడు. "పెద్దవారు సార్, ఎండకు పాపం..." అన్నడు. నేను దేనికి భయపడిన్నో అదే అయితున్నది. యాదగిరికి కోపమొచ్చింది. మైకు స్టాండు దించి నా మూతి ముందట పెట్టిండు. "కూసోనే చెప్పన్నా! చెప్పు!" అన్నడు. చెప్పేతందుకు గాలి ఏదిరా?

ఈలోపల డాక్టరమ్మ వచ్చింది. నాడి పట్టుకుంది, ఛాతి వింది, నా చేతిల పంపు చూసింది.

"ఎన్నిసార్లు కొట్టారు పెద్దయ్యా?"

"లెక్క... పెట్టలే... పని చేసే దాక... బోరింగ్..."

"బోరింగా!" అని ఆమె తల పట్టుకుంది. "అందుకే వణుకు, అందుకే గుండె దడ. ఇంత మందు కొట్టినా ఊపిరి ఎందుకు విడవలేదు? మీరు ఎట్లా పీలుస్తున్నారో చూపించండి. కొట్టకండి, ఉత్తగ చూపించండి."

కొట్టకుండ ఎట్ల చూపిస్త? ఉత్తగ చూపిచ్చుడు నాకు రాదు. పంపు నోట్ల పెట్టుకొని ఒక్క నొక్కు నొక్కిన.

మైకు నా మూతి ముందటనే ఉన్నది. దాన్ని ఎవ్వలూ బంద్ చెయ్యలేదు. బడి కప్పు మీద రెండు హారన్లు కట్టిండ్రు. ఆ హారన్లల్లకెళ్ళి, జన్మల అంత పెద్ద తుస్స్ నేను విన్లేదు.

"తుస్స్స్!"

నా గొంతు టక్కున మూసుకుంది. మొహం పక్కకు తిరిగింది. మందు డాక్టరమ్మ కళ్ళద్దాల మీద పడింది. అది సరే. నా భుజం మీద చెయ్యి ఏసిన మేనేజర్, తన రుమాలు తీసి ముక్కుకు పెట్టుకొని, నా భుజం వదిలిపెట్టి ఉరుకుతున్నడు! ముందు వరుసల టోపీలు మొత్తం ఒక్కసారి లేచినయి. ఒక్కడు అరువలేదు, ఒక్కడు అడగలేదు. నోళ్ళు మూసిండ్రు, ఊపిరి ఆపిండ్రు, మొహాలు తిప్పిండ్రు. అందరి కండ్లు షామియానా అంచుకు ఏలాడే ఝాలరు దిక్కు పోయినయి. ఝాలరు పొద్దుపొడుపు దిక్కు ఎగురుతున్నది. అందరూ పడమటి దిక్కు, గాలికి ఎదురు, లైను తప్పకుండ నడిచిండ్రు. నా పాఠం! ఒక్క అడుగు తప్పు లేదు. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి. దమ్ముకు వచ్చినయా, సంతోషానికి వచ్చినయా, నాకే తెల్వది.

షామియానా కింద మిగిలింది ఎవ్వలు? నోళ్ళు తెరిచి చూస్తున్న ఊరోళ్ళు, బిస్కెట్ పట్టుకున్న ఆఫీసర్, కండ్లద్దాలు తుడుచుకుంటున్న డాక్టరమ్మ.

బడి గోడ దాక పోయినంక టోపీలోళ్ళకు సోయి వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. మేనేజర్ రుమాలు జేబుల పెట్టుకుంట, నవ్వుకుంట వాపస్ వచ్చిండు. ఆఫీసర్ బిస్కెట్ పళ్ళెంల పెట్టిండు.

"లీకు అంటే ఏందో మీ వర్కర్లకు తెలియదన్నరు?"

"ట్రైనింగ్ సార్. ఉత్త ట్రైనింగ్. ఎందుకైనా మంచిదని..."

"ట్రైనింగ్ వాళ్ళకు సరే. మీరెందుకు ఉరికిండ్రు?"

మేనేజర్ నోరు తెరిచిండు. ఎనకనుంచి యాదగిరి ఒక్క తుమ్ము తుమ్మిండు, ఇగ ఊరంతా పగలబడి నవ్వింది. టోపీలు కూడ నవ్వినయి, కిందికి చూసుకుంట.

ఆ రోజు ఆఫీసర్ ఊరికి ఇష్టమే అని రాసుకోలేదు. "మళ్ళొస్త, చెప్పకుండ వస్త" అని జీపెక్కిండు. ఎప్పుడొస్తడో ఆయనకే ఎరుక. సర్కారు కదా, మాట అన్నందుకే సంబరపడాలె. వట్టిగ పోకుండ కూల్‌డ్రింకు సీసా ఒకటి పట్టుకొని పోయిండనుకోండి, అది వేరే సంగతి.

నన్ను డాక్టరమ్మ దవాఖానకు తీసుకపోయి, ఊపిరికి మందు ఆవిరి పట్టించి, గుండె నెమ్మదించే దాక పండుకోబెట్టింది. తర్వాత తిట్టుడు మొదలుపెట్టింది. సత్తెమ్మ పక్కన నిలబడి ప్రతి మాటకూ "గట్ల తిట్టమ్మా, గట్ల తిట్టు" అంటున్నది.

"పెద్దయ్యా, మందు వచ్చే క్షణంలోనే మీరు గొంతు మూసేస్తున్నారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందే లేదు. కొంత మీసాల మీద, కొంత నాలుక మీద. మీరు గుటకేస్తే అది కడుపులోకి పోయి చేతులను వణికించింది. ఛాతికి మాత్రం చేరలేదు. మీకు ఈ అలవాటు ఎవరు నేర్పారు?"

"నేనే నేర్పిన" అన్న.

అప్పుడు ఆమె చెప్పింది, సంగారెడ్డి పెద్ద డాక్టర్ చెప్పనిది. మూత తీసి పంపును బాగ ఊపాలె. ముందుగాల ఊపిరి మొత్తం బయటికి వదలాలె. పెదవులతోని గట్టిగ పట్టుకొని, మెల్లగ లోపలికి పీల్చుడు మొదలుపెట్టి, పీల్చుకుంటనే నొక్కాలె. తుస్స్‌మన్నా ఆగొద్దు, పీల్చుకుంటనే ఉండాలె. లోపల ఓపినంత సేపు బిగబట్టి, అటెన్క వదలాలె. రెండోది కావాలంటే జెర ఆగి మళ్ళ ఊపి తీసుకోవాలె. రాసిన దానికంటె ఎక్కువ కొట్టొద్దు. దానితోని తగ్గకపోతే, మునుపటి కంటె మాటిమాటికి అవసరమైతుంటే, ఇంకింత కొట్టుడు కాదు, దవాఖానకు ఉరికి రావాలె.

"ముక్కుకు ఇది కాదు, దానికి మందు వేరే. ఒకరి పంపు ఒకరు వాడొద్దు" అన్నది. గుమ్మంల నిలబడ్డ యాదగిరి మెల్లగ గోడ చాటుకు జరిగిండు.

"మీకు కుదరకపోతే ప్లాస్టిక్ డబ్బా ఒకటుంటది, పంపుకు తగిలిస్తే మందు అందుల ఆగుతది, నిమ్మళంగ పీల్చుకోవచ్చు."

"వద్దమ్మా. నేర్చుకున్నోన్ని నేనే, మరుసుడు కూడ నేనే నేర్చుకుంట" అన్న. చూసిండ్రా పొగరు!

మరుసుడు ఎంత కష్టమో మీకు తెల్వదు. ఇంట్ల సత్తెమ్మ నా ముందట పీట ఏసుకొని కూసున్నది. నేను పంపుల మందు డబ్బా తీసేసిన ఉత్త ప్లాస్టిక్‌ను నోట్ల పెట్టుకునేది. ఆమె నోటితోని "తుస్స్!" అనేది. నా గొంతు టక్కున మూసుకునేది.

"పీల్చు!"

"పీలుస్తనే ఉన్న!"

"ఏం పీలుస్తున్నవ్? మొహం గోడ దిక్కు తిరిగింది. తుస్స్!"

పక్కింటి యాదగిరి భార్య గోడ మీదికెళ్ళి తొంగి చూసి, "వదినే, పిల్లి గిట్ల వచ్చిందా, ఎల్లగొడ్తున్నవా?" అని అడిగింది.

"పిల్లి కాదు వదినే, మీ అన్న. పోతలేడు" అన్నది సత్తెమ్మ.

అయినా పట్టు వదల్లేదు. పొద్దుమాపు అదే పని. ఆఖరుకు ఒకనాడు తుస్స్‌మన్నది, నా గొంతు తెరుచుకుంది, మందు నేరుగ లోపలికి పోయింది. కొంచెం సేపటికి ఛాతిల పిల్లనగ్రోవి ఆగిపోయింది! ఇల్లంత నిశ్శబ్దమైంది. గోడ గడియారం టిక్కు టిక్కు మొదటిసారి వినిపించింది. డాక్టరమ్మ దగ్గరికి పోయి చేసి చూపించిన. ఆమె చప్పట్లు కొట్టింది. టోపీ లేకుండ, ఎవ్వలూ చెప్పకుండ.

ఇగ నిన్నటి సంగతి. సత్తెమ్మ, నేను పటాన్‌చెరు స్టాండ్ల నిలబడ్డం. సంగారెడ్డి బస్సు వచ్చింది. సరిగ్గ నా ముందట ఆగి బ్రేకు తుస్స్‌మన్నది. ఎనక గొట్టంలకెళ్ళి నల్లటి పొగ, కుండల నుంచి పోసినట్టు.

నేను మొహం తిప్పలేదు. నోరు ముయ్యలేదు. కండ్లు మూసుకొని, నిండుగ, మెల్లగ, ఛాతి అడుగు దాక పీల్చి, డాక్టరమ్మ చెప్పినట్టు లోపలనే బిగబట్టిన.

సత్తెమ్మ నా మొహంల మొహం పెట్టి చూసింది. "వదులయ్యా" అన్నది.

అప్పుడే వదలొద్దని సైగ చేసిన.